దారి ఖర్చులు ముందే ఇద్దాం

అందరికీ నమస్కారం. పిల్లలకు పాఠాలు చెప్పే కాలేజీ విద్యార్థుల్లో ఒకమ్మాయి మూడు వారాలుగా రావడం లేదు. ఆసక్తి తగ్గిందేమో అనుకున్నాను. అడిగితే, రెండు బస్సులు మారాలని, నెలాఖరుకు చార్జీలకు కూడా చేతిలో ఉండవని నేల చూస్తూ చెప్పింది. మనసు చివుక్కుమంది.

టికెట్లు చూపించాక డబ్బు తిరిగి ఇస్తున్నాం, నిజమే. ముందు పెట్టుకోవడానికే లేనివారికి అది అక్కరకు రాదు. ఇకపై వారం చార్జీలు ముందే చేతికిద్దాం, క్రమం తప్పకుండా వచ్చేవారికి నెల పాసు తీసిద్దాం. కారణాలు మాత్రం అడగవద్దు, ఆ వయసులో చెప్పుకోవడం చాలా కష్టం.

ఈ విద్యార్థులను దారిలో ఎక్కించుకోవడానికి, కార్లున్నవారు శనివారం ఏ దారిన వస్తారో, ఎన్ని సీట్లు ఖాళీయో శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడ రాయండి. ఈ చార్జీల నిధికి ఇవ్వదలచినవారు నాకు విడిగా సందేశం పెట్టండి.