పెట్టె మీద రాయని 32 జీబీ లిమిట్ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ వైఫై కెమెరా కొన్నాను, బిల్లు ఫోటో జత చేశాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 'మెమరీ కార్డ్ సపోర్ట్' అని ఉంది, ఎన్ని జీబీల దాకా అన్నది మాత్రం తిప్పి తిప్పి చూసినా ఎక్కడా లేదు. ఊళ్లో అమ్మావాళ్ల గేటు దగ్గర పెట్టాం. అక్కడ నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, అందుకే రికార్డింగ్ కార్డులోనే ఎక్కువ రోజులు ఉండేలా 128 జీబీది తీసుకున్నాను. పెట్టగానే యాప్‌లో 'కార్డ్ ఎర్రర్' అని ఎర్రగా వచ్చింది, ఫార్మాట్ బటన్ నొక్కినా పని చెయ్యట్లేదు.

ఫోన్ చేస్తే మీ వాళ్లు ఏమన్నారో తెలుసా? "కార్డు డూప్లికేట్ సార్, 128 అని రాసి కంప్యూటర్లో 119 చూపిస్తోంది కదా" అని. ఇదేం లెక్కండీ! కార్డు తయారుచేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అంటారు, విండోస్ 1,024ల లెక్కన 107 కోట్ల పైచిలుకు అంటుంది, కాబట్టి ఏ ఒరిజినల్ 128 కార్డయినా అందులో దాదాపు 119 అనే కనిపిస్తుంది. పైగా అదే కార్డు నా ఫోన్లో శుభ్రంగా పని చేస్తోంది.

తర్వాత ఇంకొకాయన కార్డుని ఫ్యాట్32లో, అంటే ఫైళ్లు దాచే పాత పద్ధతిలో, ఫార్మాట్ చెయ్యమన్నారు. నా ల్యాప్‌టాప్‌లో 32 జీబీ దాటిన కార్డుకి ఆ ఆప్షనే రాదు. గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది అసలు సంగతి, "ఈ మోడల్‌కి మ్యాక్స్ 32 సార్" అట. 32 దాటి 2 టీబీ దాకా ఉండే ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు 2009లోనే వచ్చాయి, అవి ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, ఇవాళ అమ్మే కెమెరాకి అది చదవడం రాదంటే సరే, ఆ ముక్క పెట్టె మీద రాయడానికేం?

పాత 32 జీబీ కార్డు పెట్టి చూశాం, మూడు రోజులు తిరక్కుండానే పాత వీడియో చెరిపేసి దాని మీదే రాసుకుంటోంది. మంగళవారం ఎవరో కొబ్బరికాయలు కోసుకుపోయారని నాన్నకి శనివారం తెలిసింది, చూద్దామంటే మంగళవారం వీడియో అప్పటికే లేదు.

కెమెరా వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి, లేదా 128 తీసుకునేలా అప్‌డేట్ ఎప్పుడిస్తారో తేదీతో సహా రాసివ్వండి. సీల్ తీసిన కార్డు షాపువాడు వెనక్కి తీసుకోడు కాబట్టి డబ్బులిస్తే దాని ఖరీదు కూడా కలిపే ఇవ్వాలి. వారంలోగా ఈ మెయిల్‌కే జవాబు కావాలి, ఫోన్లో కాదు. రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెడతాను.