పేరంటాలమ్మ గుడిలో పాత రాయి ఏమైంది?

సంపాదకులకు నమస్కారం.

పేరంటాలమ్మ గుడుల పునర్నిర్మాణం, విగ్రహ ప్రతిష్ఠ, సంబరాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచుగా వస్తుంటాయి. ఎంత ఖర్చయిందో, ముఖ్య అతిథి ఎవరో వాటిలో ఉంటుంది గాని, ఆ తల్లి ఏ ఇంటి ఆడపడుచో, ఎలా పోయిందో ఒక్క వాక్యమైనా ఉండదు. పేరంటాలు అంటే ముత్తయిదువ. అలా పసుపు కుంకుమలతో పోయిన ఒక మనిషి జ్ఞాపకంగా వెలిసినవే ఈ గుడులు. పోయినవారికి గుడి కట్టడం రాజులూ చేసిన పనే. శ్రీకాళహస్తి దగ్గరి తొండమనాడులో చోళరాజు మొదటి ఆదిత్యుడి స్మారకంగా కొడుకు పరాంతకుడు శివాలయం కట్టించాడు. రాజుకు శాసనం మిగిలింది, మా పేరంటాలుకు ఒక రాయీ, పెద్దవాళ్ల నోటి మాటా మిగిలాయి.

మా ఊరు కోనసీమలో కాలువ గట్టు మీద ఉంది. పోయిన ఏడాది గుడికి టైల్స్ వేసి, పాలరాతి విగ్రహం నిలిపి, అమ్మవారు భర్త చితిలో సహగమనం చేసినట్లు గోడ మీద రాయించారు. మా నాయనమ్మ చెప్పిన కథ వేరు. నీళ్లకు దిగిన కోడలు చంటిబిడ్డతో సహా కాలువలో కొట్టుకుపోయిందని, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికో కలలో కనిపించిందని ఆవిడ చెప్పేది. పాత రాతిని గోరుతో గీకి పసుపు పొరలు తీసి చూస్తే, నిలబడిన స్త్రీ, చంకలో బిడ్డ కనిపిస్తాయి. సతి శిలల్లో సాధారణంగా ఉండే, గాజులతో పైకెత్తిన చెయ్యి లేదు. పైగా మా కాలువ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్వినది. మద్రాసు రాజధానిలో సహగమనాన్ని 1830లోనే నిషేధించారు. ఇదొక్కటే రుజువు కాకపోవచ్చు గాని, గోడ మీది కథకంటే నాయనమ్మ కథకే రాయి సాక్ష్యం చెబుతోంది.

నిజంగానే సహగమనానికి నిలిపిన రాళ్లు మన తెలుగు నేల మీద చాలా ఉన్నాయి, వాటిని దాచాలని నేననను. అయితే 1987 నాటి చట్టం సతిని కీర్తించడాన్ని, అందుకోసం గుడి కట్టడాన్ని, చందాలు పోగుచేయడాన్ని నేరంగా చెబుతోంది. గోడ మీద రాయించినవారికి ఈ సంగతి తెలిసి ఉండదు. నీళ్లలో పోయిన పిల్లను నిప్పుల్లో నిలబెడితే మహిమ పెరుగుతుందనుకున్నారు, అంతే.

ద్రాక్షారామ శాసనాలను పండితులు ఎప్పుడో నకలు తీసి అచ్చు వేశారు. గట్ల మీది ఈ చిన్న రాళ్లకు ఆ భాగ్యం లేదు. కనీసం పాత గుడి విప్పేముందు రాతిని కడిగి ఫొటో తీయించాలని, ఆ ఇంటివారు చెప్పిన కథను వారి మాటల్లోనే రాయించి పంచాయతీలో ఉంచాలని, పురావస్తు శాఖ ఇందుకు ఊరి బడి ఉపాధ్యాయుల సాయం తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా పాత రాయి ప్రస్తుతం గుడి వెనుక బోరు పంపు పక్కన బోర్లా పడి ఉంది. వచ్చే సంబరం లోపల దాన్ని లేపి నిలబెట్టమని మా కమిటీ పెద్దలకు కూడా ఇదే మనవి.

— కోనసీమ నుంచి ఒక పాఠకుడు