ఫ్రీమాంట్ నుంచి డాలస్ దాకా మమ్మల్ని చేర్చిన వారికి

గరాజ్‌లో పెట్టెలు ఇంకా సగం కూడా విప్పలేదు. అన్నీ సర్దుకున్నాక తీరిగ్గా రాద్దామనుకుంటే ఇక రాసినట్టే అని, వంటింటి గట్టు మీదే కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను. పేర్లు రాయవద్దని కొందరు ముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి సంగతి వారికే తెలుస్తుంది.

కాలిఫోర్నియా వదిలి టెక్సస్ వచ్చేశాం. ఎందుకని అడిగిన వారందరికీ ఒకటే జవాబు: ఖర్చు. ఫ్రీమాంట్‌లో మా రెండు పడక గదుల అపార్ట్‌మెంట్ అద్దె చివరికి నెలకు 3,450 డాలర్లయింది. చిన్నవాడి డేకేర్ మరో 2,300. కాలిఫోర్నియాలో 2019లో చేసిన అద్దె చట్టం ప్రకారం, కట్టి పదిహేనేళ్లు దాటిన భవనాల్లో అద్దెను ఏడాదికి 5 శాతం, దాని మీద ధరల పెరుగుదల ఎంత ఉంటే అంత, రెండూ కలిపి 10 శాతం మించకుండా పెంచుకోవచ్చు. మా యజమాని ఎప్పుడూ ఆ గీత దాటలేదు, ఆయన్ని ఒక్క మాట అనను. గీత లోపల ఉంటూనే ఏటేటా పెంచుకుంటూ పోతే అద్దె ఎక్కడ తేలుతుందో మా బ్యాంకు ఖాతాకు తెలుసు. మా వారి జీతం బయటి నుంచి చూసేవారికి పెద్దదే. ఊళ్లో మా అత్తగారు ఆ అంకెను రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోతారు. నెలాఖరున మిగిలేదాన్ని మాత్రం మార్చి చూపించే ధైర్యం మాకెప్పుడూ లేకపోయింది.

మొదటి నమస్కారం మా వెనుక వీధి బాబాయి గారికి. ఆయన అక్కడ ఇల్లు కొన్నది 1980లలో. ఇంకో రెండేళ్లు ఓపిక పడితే మేమూ కొనగలమేమో అని ఊగిసలాడుతున్న రోజుల్లో, ఉపన్యాసమేమీ ఇవ్వకుండా తన ఆస్తి పన్ను బిల్లు తెచ్చి మా బల్ల మీద పెట్టారు. అదే వీధిలో నిరుడు అమ్ముడైన ఇంటికి పన్ను ఎంత పడుతుందో పక్కనే లెక్క వేసి చూపించారు. కాలిఫోర్నియా ఓటర్లు 1978లో ఆమోదించిన ప్రతిపాదన 13 అనే చట్టం వల్ల పన్నును కొన్న ధర మీద లెక్కిస్తారు. మూల పన్ను 1 శాతం. ఆ తర్వాత పన్ను కోసం లెక్కించే విలువను ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు. ఒకే వీధి, ఒకే రకం ఇళ్లు, పన్నులకు మాత్రం హస్తిమశకాంతరం. “ఈ ఊరు ముందొచ్చిన మాకు పుట్టిల్లమ్మా, ఇప్పుడొచ్చే మీకు అత్తారిల్లు” అన్నారు నవ్వుతూ. ఆయన కొడుకే ఫ్రీమాంట్‌లో కొనలేక శాక్రమెంటో వైపు వెళ్లిపోయాడన్న సంగతి ఆ రోజే తెలిసింది. బాబాయి గారూ, మీరు ఆ బిల్లు చూపించకపోతే మేము ఇంకా అక్కడే కూర్చుని వడ్డీ రేట్లు చూసుకుంటూ ఉండేవాళ్లం.

ఇక డాలస్ అక్క. ఈ ఉత్తరంలో సగం ఆమెకే చెందుతుంది.

డాలస్ అనగానే అక్కడున్న తెలిసినవాళ్లందరూ “వచ్చేయండి, అన్నీ చౌకే” అన్నారు. ఆ మాట అననిది ఆమె ఒక్కరే. ఆమె మా వారి చిన్ననాటి స్నేహితుడికి వదిన. అప్పటికి నేను ఆమె ముఖం కూడా చూడలేదు. ఫోన్లో మా ఖర్చులన్నీ ఒక్కొక్కటీ అడిగి రాసుకుని, ఆదివారం చెబుతానన్నారు. ఆదివారం ఒక కాగితం ఫొటో వచ్చింది. ఎడమ పక్కన మిగిలేవి, కుడి పక్కన కొత్తగా నెత్తిన పడేవి, కిరాణా కొట్టు పద్దులా గీత కొట్టి మరీ రాశారు.

ఎడమ పక్కన అద్దెలో 1,100, డేకేర్‌లో 900, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇంకో 700. మొత్తం 2,700. మేమిద్దరం వేసుకున్న లెక్క అక్కడితోనే ఆగింది, ఆ అంకె చూసుకునే సంబరపడుతున్నాం. ఆమె కుడి పక్కకు వెళ్లారు. ఊరు మారితే మా వారి కంపెనీ జీతం తగ్గిస్తుంది, చేతికి వచ్చేదానిలో 800 పోతుంది. ఫ్రీమాంట్‌లోలాగా బార్ట్ రైలెక్కి వెళ్లడం కుదరదు, రెండో కారు తప్పదు. వాయిదా, బీమా కలిపి 550. వేసవిలో ఏసీ, ఏడాది మీద సర్ది చూస్తే నెలకు 150 అదనం. టోల్ రోడ్లకు 100. “మీకు నిజంగా మిగిలేది 1,100. దీనికోసం రావాలనిపిస్తే రండి” అని అడుగున రాసి ఉంది.

ఆ 1,100 చూసే మేము బయలుదేరాం. మా 2,700 చూసి వచ్చి ఉంటే, మొదటి నెలకే ఇంట్లో గొడవలు మొదలయ్యేవి.

ఇల్లు కొనే తొందర పెట్టుకోవద్దని కూడా ఆమే చెప్పారు. ఇక్కడ ఇళ్ల ధరలు తక్కువే, కానీ కొత్త కాలనీల్లో ఆస్తి పన్ను ఇంటి విలువలో 2 శాతం దాటుతుంది. పైగా వడగళ్లు. నిమ్మకాయంత వడగళ్లు పడితే ఇంటి కప్పు మొత్తం మార్పించాల్సి వస్తుంది, అందుకే బీమా ఖరీదు. ఇవేవీ “అన్నీ చౌకే” అన్నవారి నోట రాలేదు. పాపం, వారికి మేము రావాలన్న ప్రేమ ఎక్కువ.

అద్దె ఇళ్లు చూడటానికి మా బదులు ఆమే వెళ్లారు. ఏజెంట్ వీడియోలో వంటగది రాతి గట్టు చూపించబోతుంటే, ఫోన్ తన చేతిలోకి తీసుకుని తలుపుల పై మూలలకు తిప్పారు. ఒక్కొక్క గది తలుపూ మూశారు, తెరిచారు. నాకేమీ బోధపడలేదు. తర్వాత చెప్పారు: ఉత్తర టెక్సస్ నేల మన కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి లాంటిదే, ఇక్కడా పత్తి పండిన నేలే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, దాంతో పాటు ఇంటి పునాదీ కదులుతుంది. తలుపు మూల నుంచి గోడ మీదికి ఏటవాలుగా పగులు పాకినా, తలుపు చట్రానికి పట్టేసినా అనుమానించాల్సిందే. రెండో ఇంట్లో అలాంటి పగులు మీద కొత్తగా సున్నంలాంటిది పూసి రంగు వేశారు. ఆమె బొటనవేలి గోరుతో గీకి, పొలుసు లేపి నాకు చూపించారు. ఏజెంట్ ముఖం కెమెరాలో పడలేదు. పడి ఉంటే బాగుండేది.

మేము ఇప్పుడున్నది మూడో ఇల్లు, తలుపులన్నీ మూసుకుంటున్నాయి. ఇక్కడ వేసవిలో పచ్చికకు పెట్టినట్టే ఇంటి చుట్టూ సన్న చిల్లుల గొట్టం పరిచి పునాదికి కూడా నీళ్లు పెడతారు. మా అమ్మకు చెబితే “ఇంటికి నీళ్లు పోస్తే ఎన్ని గదులు కాస్తాయే?” అని అడిగింది.

మా వారి ఆఫీసు మిత్రుడికి వేరుగా చెప్పుకోవాలి. హెచ్-1బి వీసా మీద ఉన్నవారి పని స్థలం ఒక మహానగర పరిధి నుంచి మరో పరిధికి మారితే, అక్కడ పని మొదలుపెట్టేలోపే కంపెనీ సవరణ దరఖాస్తు వేయాలి. ఇంట్లో కూర్చుని చేసే పనికైనా అంతే. 2015లో వచ్చిన ఒక నిర్ణయం తర్వాత దీనిలో సందేహానికి చోటు లేదు. ఆయన ఈ సంగతి పట్టుకుని, మేము ట్రక్కు మాట్లాడుకోకముందే కంపెనీ న్యాయవాదితో ఫోన్ కలిపించారు. వచ్చాక పది రోజుల్లోగా కొత్త చిరునామా ప్రభుత్వానికి తెలపాలని గుర్తు చేసిందీ ఆయనే. ఇది చదివే వీసా మిత్రులు కాస్త ఆగి ఈ పేరా రెండోసారి చదువుకోండి.

సర్దుడు రోజుల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఫ్రీమాంట్‌లో అఫ్ఘాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి, సెంటర్‌విల్ ప్రాంతాన్ని చిన్న కాబూల్ అనే అంటారు. మా కింది ఇంటి అఫ్ఘాన్ అమ్మగారికి తెలుగు రాదు, నాకు దరీ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆమె వచ్చి నా గాజు సామానును తన పాత దుప్పట్లలో చుట్టి పెట్టారు. చివరి రోజు బంగాళాదుంప కూరిన బొలానీ రొట్టెలు వెండి కాగితంలో పొట్లం కట్టి కారు కిటికీలోంచి అందించారు. ఆ గాజు సామానులో ఒక్కటీ పగల్లేదు. ఆమె మనవరాలు ఈ మాట ఆమెకు చదివి వినిపిస్తానంది.

కరివేపాకు మొక్క మాత్రం అక్కడే ఉండిపోయింది. కాలిఫోర్నియాలో నిమ్మ, నారింజ చెట్లకు ప్రాణాంతకమైన తెగులును మోసే ఒక చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకని ఆ మొక్కను క్వారంటైన్ ప్రాంతాలు దాటించడానికి ఆంక్షలున్నాయి. దాచి తీసుకువెళ్లమని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. నా భుజం దాకా పెరిగిన మొక్క అది, మనసు లాగింది. పై అంతస్తు వదిన తన బాల్కనీలోకి మోయించుకున్నారు. వదినా, చలికాలం నీళ్లు తగ్గించండి, పుల్ల మజ్జిగ నెలకోసారి చాలు.

ఆ వదినే మేము ఖాళీ చేశాక యజమానితో పాటు ఇల్లంతా తిరిగి, ప్రతి గదినీ ఫొటోలు తీసి పంపారు. కాలిఫోర్నియాలో అడ్వాన్సు 21 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి, కోత పెడితే దేనికెంతో రాసి ఇవ్వాలి. మాకు గడువులోపే వచ్చింది, కార్పెట్ శుభ్రానికి పట్టుకున్నది పోగా.

ట్రక్కు సంగతి. కాలిఫోర్నియా నుంచి టెక్సస్ వెళ్లే ట్రక్కుకు అడిగే అద్దె, టెక్సస్ నుంచి కాలిఫోర్నియా వచ్చేదానికి అడిగేదాని కంటే చాలా ఎక్కువ. వెళ్లేవారే తప్ప వచ్చేవారు తక్కువ కాబట్టి ఖాళీ బండ్లను వెనక్కి తెప్పించే ఖర్చూ మనమే మోస్తాం. దానికి తోడు సామాను ఎత్తే మనుషులు, డ్రైవరు అంటే మా వల్ల అయ్యేది కాదు. అప్పుడు వచ్చారు మా వారి చెల్లెలి కాలేజీ రోజుల నుంచి తెలిసిన ఇద్దరు తమ్ముళ్లు. సెలవు పెట్టి, 1,700 మైళ్లు వంతులవారీగా ట్రక్కు నడిపారు. వెనకాల కారులో మేము. బేకర్స్‌ఫీల్డ్, గాలిమరలు తిరిగే టెహచపి కొండలు, బార్‌స్టో, అక్కడి నుంచి 40వ నంబరు హైవే. నీడిల్స్‌లో పెట్రోలు ధర చూసి పెద్ద తమ్ముడు బంకులోంచి బండి తిప్పేసి, నది దాటి అరిజోనాలోకి వెళ్లాకే పోయించాడు. కాలిఫోర్నియాలో మేము ఆఖరుగా మిగుల్చుకున్నది అదే. ఆల్బుకర్కీ తర్వాత ఈదురుగాలికి ట్రక్కు పక్కకు జరుగుతుంటే మా పెద్దది కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా చదివింది. అమరిల్లోలో వాళ్లిద్దరూ మోటెల్ గదిలో బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయారు.

వచ్చేసరికి అక్క ఇంటి తాళాలు, పప్పుచారు, గోంగూర పచ్చడి, చిన్న గిన్నెలో తోడు పెరుగుతో గుమ్మంలో ఉన్నారు. తోడు మాట నాకు గుర్తే లేదు. అంతకుముందే ఆమె భర్త కరెంటు కనెక్షన్ పెట్టించారు. ఇక్కడ కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. నెలకు 1,000 యూనిట్లు వాడితే ఇంత తగ్గింపు అని ఊరించే పథకాలుంటాయి. 990 దగ్గర ఆగారా, ఆ తగ్గింపు పోయి తక్కువ వాడినందుకు ఎక్కువ కట్టాలి. ఆయన అలాంటివన్నీ పక్కన పెట్టి, ఎన్ని యూనిట్లకైనా ఒకే ధర ఉన్నది చూసి పెట్టారు. ఆ కరెంటు బిల్లునే చిరునామాకు ఆధారంగా చూపించి పిల్లను బడిలో చేర్చాం. ముప్ఫై రోజుల్లో కార్ల రిజిస్ట్రేషన్, తొంభై రోజుల్లో డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవాలని ఫ్రిజ్ మీద కాగితం అంటించి వెళ్లారు. తెలుగు నేర్పే మనబడిలో పాపను అదే తరగతిలో కొనసాగించేలా రెండు ఊళ్ల గురువులూ మాట్లాడుకున్నారు, వారికీ నమస్కారాలు.

ఇక్కడ అంతా బాగుందా అంటే, మధ్యాహ్నం పూట బయట కాలు పెట్టలేం. పాల కోసం కూడా కారు తీయాలి. ఫ్రీమాంట్‌లోలాగా మిషన్ పీక్ కొండ లేదు, ఏ దిక్కు చూసినా నేల బల్లపరుపు. పాప స్నేహితురాలి కోసం రెండు రాత్రులు ఏడ్చింది. పోయిన నెల లెక్కలో మాత్రం 1,040 మిగిలాయి. అక్క చెప్పినదానికి అరవై తక్కువ, ఆ అరవై తెర గుడ్డలకు పోయింది.

చివరిగా తమ్ముళ్లిద్దరికీ. మీ తిరుగు విమానం టికెట్ల డబ్బు ఇంకా మీరు తీసుకోలేదు. “చూద్దాం అక్కా” అని దాటవేసింది చాలు. ఈ వారంలోగా ఖాతా వివరాలు పంపండి. పంపకపోతే సామర్లకోటలో మీ అమ్మగారికి నేనే ఫోన్ చేసి, మీరు అమరిల్లోలో ఏం తిన్నారో కూడా చెబుతాను.