పసుపు మాత్రల వార్తలో సగమే చెబుతున్నారు

సంపాదకులకు,

పసుపులోని కర్కుమిన్, నేల ఉసిరి సారం కాలేయ క్యాన్సర్ కణాలను చంపుతున్నాయని తరచూ పత్రికల్లో వార్తలొస్తున్నాయి. వార్త వచ్చిన సాయంత్రానికే ఆ ముక్క కత్తిరించుకుని మా మందుల షాపుకు వస్తారు. వాళ్లను తప్పుపట్టను. అవి చాలావరకు ల్యాబ్‌లో పెంచిన కణాల మీదో, ఎలుకల మీదో చేసిన పరీక్షలు. ఆ సంగతి మాత్రం వార్త చివర్లో ఎక్కడో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

మొక్కల మందులంటే నాకు చిన్నచూపు లేదు. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇప్పటికీ ఎక్కించే విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. ఎపిమీడియం మొక్క నుంచి తీసిన ఐకారిటిన్‌ను ఆపరేషన్‌కు వీలుపడని కొందరు కాలేయ క్యాన్సర్ రోగులకు వాడేందుకు చైనా 2022లో అనుమతించింది. అదీ మోతాదు తేల్చి, మనుషుల మీద పరీక్షించాకే. మన నేల ఉసిరి కథ వేరు. కాలేయానికి సోకే హెపటైటిస్-బి మీద అది బాగా పనిచేసిందని 1988లో మద్రాసు వైద్యులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. జనానికి మొదటి మాటే గుర్తుండిపోయింది.

ఇక పసుపు. కర్కుమిన్ మింగితే రక్తంలోకి సరిగా ఎక్కదు. అందుకని మాత్రల్లో మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలిపి, ఆ మాటే డబ్బా మీద గొప్పగా వేస్తారు. కాలేయంలో మందులను విరిచే ఎంజైముల్లో కొన్నిటిని ఈ పైపెరిన్ అడ్డుకుంటుంది. కాలేయ క్యాన్సర్‌కిచ్చే సొరాఫెనిబ్ మందు విరగడానికీ అలాంటి ఎంజైమే కావాలి. అది అడ్డుపడితే ఆ మందు ఒంట్లో ఎక్కువగా నిలిచిపోవచ్చు. పైగా పసుపు మాత్రలతోనే కాలేయం దెబ్బతిన్న కేసులను ఇటలీ, అమెరికా వైద్యులు నమోదు చేశారు. కూరలో వేసుకునే చిటికెడు పసుపు గురించి కాదు నేను చెప్పేది. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు రాస్తే ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన అలా ఉంచుదాం. కాలేయ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అప్పటికే సిరోసిస్, అంటే కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు, ఉంటుంది. అలాంటి కాలేయం మీద ప్రయోగాలేమిటి?

మొక్కే కదా, ఏం చేస్తుందిలే అనేవాళ్లకు ఒక్క మాట. గాడిదగడపాకు జాతి మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది.

మొన్నొకాయన తండ్రి కోసం సొరాఫెనిబ్ తీసుకుని, అదే సంచిలో పసుపు మాత్రల డబ్బా వేసుకున్నాడు. "డాక్టరుగారికి చెప్పారా?" అన్నాను. "అమ్మో, తిడతారండీ. పసరు పోయిస్తున్నామని చెబితేనే ఆ రోజు మా మీద ఇంతెత్తున లేచారు" అన్నాడు. ఆ కోపమే రోగి నోరు మూయిస్తోంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, విశాఖ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఓపీ చీటీ రాసేటప్పుడే "ఇంకేమైనా పొడులు, కషాయాలు వాడుతున్నారా?" అని మామూలుగా అడిగి రాసుకునే పద్ధతి పెట్టాలి. జిల్లా ఆసుపత్రుల్లోనూ అంతే.

మీ పత్రికను కోరేది చిన్నదే. ఎలుకల మీద చేసిన పరీక్షయితే ఆ మాట శీర్షికలోనే వేయండి. క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. అయినా ఆటోల వెనక, కేబుల్ టీవీల్లో అవి కనిపిస్తూనే ఉన్నాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు వాటిని పట్టించుకోవాలి. ఆ ప్రకటనల సరుకు ఏయే షాపుల్లో ఉందో తనిఖీ చేస్తామంటే, మా షాపుతోనే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

- ఒక ఫార్మసిస్టు, తెనాలి