ఆ స్పీడ్ గన్ ఎక్కడ పెట్టి కొలిచారో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మంగళవారం మీ జిల్లా పేజీలో క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ చేసే ఒక కుర్రాడి ఫొటో వేసి, కింద ‘గంటకు 148 కిలోమీటర్ల వేగం’ అని రాశారు. పిల్లవాడికి పదహారేళ్లట. సంతోషం. కానీ ఆ 148ని కొలిచిందెవరు, ఏ గన్‌తో కొలిచారు, కొలిచినాయన ఎక్కడ నిలబడ్డాడు అన్న ముక్క వార్తలో ఎక్కడా లేదు. కుర్రాడి మీద నాకేమీ లేదు, అంకె మీదే అనుమానం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, పొట్టిగా చెప్పడం చేతకాదు.

మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాడి కొడుకు అక్కడ బేస్‌బాల్ ఆడతాడు, బంతి విసిరే పిచ్చర్. రెండేళ్ల కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు బంతి వేగం కొలిచే వాళ్ల పాత రాడార్ గన్, అదే స్పీడ్ గన్, నా చేతిలో పెట్టి వెళ్లాడు. హెయిర్ డ్రయ్యర్ అంత ఉంటుంది. మా వీధి చివరింటి కుర్రాడు ఇంటర్ సెకండియర్, ఎడమచేతి పేసర్. ఆ సాయంత్రమే వాణ్ణి కాలేజీ గ్రౌండ్‌కి తీసుకెళ్లాను. మొదటి బంతికి 76 చూపింది. వాడి ముఖం మాడిపోయింది. “నేను స్పిన్నర్నా మాస్టారూ?” అన్నాడు. తీరా చూస్తే అది మైళ్లు. 76 మైళ్లంటే 122 కిలోమీటర్లు. బటన్ నొక్కి కిలోమీటర్లలోకి మార్చాక గానీ వాడు రెండో బంతి వెయ్యలేదు.

గన్ చేసే పని మా ఇంటర్ పుస్తకంలోని డాప్లర్ ఫలితమే. గన్ ఒక రేడియో తరంగాన్ని పంపుతుంది, ఎదురొచ్చే బంతికి తగిలి తిరిగొచ్చేటప్పటికి దాని ఫ్రీక్వెన్సీ కొద్దిగా పెరుగుతుంది, ఆ పెరుగుదలే వేగం. నా దగ్గరున్నది 24 గిగాహెర్ట్జ్ గన్. దాంట్లో గంటకు ఒక కిలోమీటరు వేగానికి సుమారు 45 హెర్ట్జ్ తేడా వస్తుంది. నాకు సరదా పుట్టి లాబ్‌లో వాడే 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మోగించి గన్ ముందు పెట్టాను. 512ని 45తో భాగిస్తే ఎంత? గన్ కూడా 11 అనే చూపింది. అంటే గన్ బుర్ర బాగానే ఉంది. తర్వాత ఒక మిత్రుణ్ణి ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని 80లో కారు నడుపుకుంటూ ఎదురుగా రమ్మన్నాను. 79, 80, 80.

బుర్ర బాగున్నంత మాత్రాన చెప్పేదంతా నిజం కాదు. ఇంట్లో గన్‌ను పక్కనుంచి సీలింగ్ ఫ్యాను వైపు పెడితే 60 దగ్గర అంకెలు వచ్చాయి. మా ఫ్యాను ఫిట్‌గా ఉన్న ఆఫ్ స్పిన్నర్ అన్నమాట. కదిలేది ఏదైనా దానికి ఒకటే. బంతి, బ్యాటు, ఫ్యాను రెక్క, గ్రౌండ్ వెనక రోడ్డు మీద పోయే ఆటో, అన్నీ.

అసలు కిటుకు కోణంలో ఉంది. గన్ వైపు నేరుగా వచ్చే వేగాన్నే గన్ చూడగలదు. బంతి దారికి పక్కగా నిలబడితే ఆ కోణం కొసైన్ ఎంతో అంతే కనిపిస్తుంది. 10 డిగ్రీలు పక్కకి జరిగితే నష్టం ఒకటిన్నర శాతం, పట్టించుకోనక్కర్లేదు. 20 డిగ్రీలైతే 6 శాతం, 30 అయితే 13 శాతం పైనే. బంతి సరిగ్గా గన్ ముందునుంచి అడ్డంగా పోయేటప్పుడు కొలిస్తే దాదాపు ఏమీ రాదు. ఇక దూరం. మా గన్ డబ్బా మీద బంతికి 27 మీటర్ల వరకే అని రాసి ఉంది. కీపర్ నిలబడే చోట, అంటే స్టంప్స్‌కి పదిహేను మీటర్ల వెనక నిలబడితే బౌలర్ చెయ్యి 34 మీటర్ల దూరంలో ఉంటుంది. చేతినుంచి వదిలినప్పటి వేగం గన్‌కి అందనే అందదు. అది చూసేసరికి బంతి గాలికి కొంత తగ్గిపోయి ఉంటుంది, పిచ్ మీద పడి లేస్తే ఇంకా తగ్గుతుంది. అందుకే నేను బ్యాట్స్‌మన్ లేకుండా ఒక్క స్టంప్ పాతించి, దానికి మూడు మీటర్ల వెనక, నైలాన్ నెట్ అవతల నిలబడతాను. ఇనుప జాలీ అవతలినుంచి మాత్రం వద్దు, ఆ తీగలు తరంగాల్ని తిప్పికొట్టి తిక్క రీడింగులు ఇస్తాయి.

అయినా నమ్మకం కుదరక ఒకరోజు ఫోన్‌లో స్లోమోషన్ పెట్టాను, సెకనుకి 240 ఫ్రేములు. కుర్రాడు వేసిన ఫుల్‌టాస్ నేరుగా స్టంప్‌కి తగిలింది. చెయ్యి వదిలినప్పటినుంచి స్టంప్ తగిలేదాకా 140 ఫ్రేములు. క్రీజు నుంచి స్టంప్‌కి 18.9 మీటర్లు. లెక్క వేస్తే సగటు 117 వచ్చింది. అదే బంతికి గన్ 122 చూపింది. రెండూ కరెక్టే. గన్ మొదటి వేగం చెప్పింది, ఫోన్ దారంతటి సగటు చెప్పింది. మా మేనల్లుడికి చెబితే నవ్వాడు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2017లో ఇదే జరిగిందట. అంతకుముందు బంతి కొంత దూరం వచ్చాక కొలిచేవారు, ఆ ఏడాది నుంచి చెయ్యి వదిలిన దగ్గరే కొలవడం మొదలుపెట్టారు. ఆటగాళ్లేమీ మారకపోయినా కాగితం మీద వేగం పెరిగింది.

ఇక అసలు బాధకి వస్తాను. కిందటి వేసవిలో మా కుర్రాడు ఒక పేస్ బౌలర్ల సెలక్షన్ క్యాంపుకి వెళ్లాడు. పేరు రాయను. ఐదు వందలు ఫీజు. 120 దాటినవాళ్లే రెండో రోజు రావాలన్నారు. వీడికి ఆరు బంతులూ 108కి అటూ ఇటూ. ఇంటికి వచ్చి మాట్లాడలేదు. గన్ ఎక్కడ పెట్టారని అడిగితే చెప్పాడు. ఎండగా ఉందని నెట్స్ పక్కన షామియానా వేశారు, గన్ పట్టుకున్నాయన దాని నీడలో కుర్చీలో కూర్చున్నాడు. స్టంప్స్‌కి సరిగ్గా పక్కన, పది మీటర్ల అవతల. మర్నాడు పొద్దున్నే నేనూ ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ మోసుకెళ్లి అంతే దూరంలో వేసుకున్నాను. 107, 108, 106. లేచి స్టంప్స్ వెనక్కి వెళ్లాను. 121, 119, 122. అది 28 డిగ్రీల కోణం. పిల్లవాడికి పద్నాలుగు కిలోమీటర్లు పోగొట్టింది షామియానా నీడ. నిర్వాహకుడికి ఫోన్ చేసి ఇదంతా చెబితే “గన్ అబద్ధం చెప్పదు కదా మాస్టారూ” అన్నాడు.

నా తప్పూ ఉంది, దాచను. ఆ తర్వాత రోజూ సాయంత్రం గన్ పట్టుకుని వెళ్లి వీడికి పందెం పెట్టాను. 125 కోసం వాడు పరుగు పెంచాడు, ఒళ్లంతా ఒకవైపుకి వంచడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండానే నడుము పట్టేసింది. డాక్టరు ఆరు వారాలు బంతి ముట్టొద్దన్నారు. ఇప్పుడు నెలకొక్క ఆదివారమే గన్ బయటికి తీస్తున్నాను. ఆ రోజు కూడా పది బంతులు అయ్యేదాకా అంకెలు వాడికి చెప్పను.

కోణం వల్ల అంకె తగ్గుతుందే గానీ పెరగదు. మరి మీరు రాసిన 148 ఎలా పెరిగి ఉంటుంది? నిజంగానే వేసి ఉండొచ్చు, కాదనను. లేదా ఎదురుగా బ్యాట్స్‌మన్ ఉండి ఉంటే, గన్ బ్యాటు ఊపునో, కొట్టాక వెళ్లిన బంతినో పట్టుకుని ఉండొచ్చు. కోట్లు పెట్టి చేసే ప్రసారాలకే ఇది తప్పలేదు. 2024 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో మన సిరాజ్ బంతికి తెరమీద 181.6 అని పడింది. అప్పటికి ఆయన తెలంగాణ పోలీసులో డీఎస్పీ కూడా, నెట్‌లో జోకులే జోకులు. 2022లో ఐర్లాండ్‌లో భువనేశ్వర్ బంతినైతే ఏకంగా 200 దాటించారు. 2003 ప్రపంచకప్‌లో కేప్‌టౌన్‌లో షోయబ్ అఖ్తర్ వేసిన 161.3 ఇప్పటికీ రికార్డుగా నిలిచి ఉంది కాబట్టి, ఆ రెండూ యంత్రం పొరపాట్లని చిన్నపిల్లలకీ తెలిసింది. పదహారేళ్ల కుర్రాడికి 148 అంటే మాత్రం ఎవరికీ అనుమానం రాదు, నమ్మేస్తారు. వాడూ నమ్ముతాడు. రేపు సరైన గన్ ముందు 131 వస్తే తన బౌలింగే పాడైందనుకుంటాడు.

అందుకే అడుగుతున్నాను. వేగం రాసేటప్పుడు గన్ ఎక్కడ ఉంది, ఎన్ని బంతులు కొలిచారు, మిగతా బంతులకి ఎంత వచ్చింది అన్నది ఒక్క వాక్యం చేర్చమని మీ విలేకరులకి చెప్పండి. నిర్వాహకులు చెప్పకపోతే అంకె వెయ్యకండి, ఫొటో చాలు.

ఆ 148 కుర్రాడిది మాకు ముప్పై కిలోమీటర్ల లోపే. ఏదో ఒక ఆదివారం మా గ్రౌండ్‌కి పంపగలిగితే పది బంతులు కొలిచి పది అంకెలూ మీకు రాసి పంపుతాను. బ్యాటరీలు నేనే కొత్తవి వేస్తాను. పొద్దున్న ఏడు లోపే రావాలి, తర్వాత గ్రౌండ్ వాలీబాల్ వాళ్లది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
నరసరావుపేట