ఆ కొటేషన్ మీద ఇంకా సంతకం పెట్టకు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రామం,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఎంతైనా తిట్టుకో, కానీ ముందిది చదువు. అమ్మ కులాసా. పిల్లల పరీక్షలు అయిపోయాయి. ఎండ సంగతి నీకు చెప్పేదేముంది. ఇక అసలు విషయం.

మీ కొత్తపేట ఆసుపత్రిలో స్పెసిమెన్లకి, అంటే ఆపరేషన్లో తీసి ల్యాబ్‌కి పంపే ముక్కలకి, బార్‌కోడ్ పెడుతున్నారని, ఈ వారమే ఆర్డరని రాశావు. ఆగరా బాబూ! నువ్వు పంపిన కొటేషన్‌లో ప్రింటరు నర్సింగ్ స్టేషన్‌లో ఒకటి, స్కానరు ల్యాబ్‌లో ఒకటి. అలా పెడితే పొద్దున్నే లిస్టులోని కేసులన్నిటికీ లేబుళ్లు కట్టగా కొట్టేస్తారు. మూడో కేసు వాయిదా పడుతుంది, నాలుగోది ముందుకొస్తుంది, వాళ్ల లేబుల్ వీళ్ల డబ్బాకెక్కుతుంది. చేతిరాతలో తప్పుంటే ఎవరైనా అనుమానిస్తారు. అచ్చులో వచ్చిందాన్ని ఎవరూ అడగరు.

ప్రింటరు ప్రతి థియేటర్ లోపలా ఉండాలి. ఆపరేషన్ మధ్యలో రోగి పేరున్న చేతి పట్టీ పైన కప్పిన గుడ్డల కింద ఉంటుంది, అందదు. అందుకని మత్తు ఇవ్వకముందే పట్టీ స్కాన్ చేసి, ఆ కేసు తెర మీద తెరిచి ఉంచాలి. ముక్క బయటికొచ్చాకే, ఆ కేసులోంచే లేబుల్ కొట్టాలి. కుడా ఎడమా అన్న గడి ఖాళీగా మొదలవ్వాలి, నింపనిదే ప్రింటు రాకూడదు. సర్జన్ చెప్పింది నర్సు పైకి చదవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన ఆపరేషన్ల చెక్‌లిస్టులో ఈ పైకి చదవడం ఉన్నదే. లేబుల్ ఎక్కడ అంటించాలో మన పచ్చడి జాడీల సూత్రమే: మూతకి కాదు, ఒంటికి! రిబ్బన్ లేని థర్మల్ కాగితం వద్దు. వేడికి నల్లబడుతుంది, స్పిరిట్ తగిలితే అక్షరాలు పోతాయి. అక్షరాలు చెదరని రెజిన్ సిరా రిబ్బనే అడుగు.

ఇప్పుడు నేను చెప్పకుండా ఉండలేకపోతున్నది. ల్యాబ్ రిజిస్టరు వచ్చినవాటి గురించే చెబుతుంది, రానివాటి గురించి నోరెత్తదు. పెద్దపేగు నుంచి నాలుగు బయాప్సీలు తీశారనుకో, ల్యాబ్‌కి మూడొచ్చాయి. ల్యాబ్ వాళ్లకి మూడు మూడే, సంతకం పెట్టి పుచ్చుకుంటారు. నాలుగోది బియ్యపు గింజంత, గాజుగుడ్డకి అంటుకుని పోయుంటుంది. అది లేదని రిపోర్టు నాడు తెలిస్తే ఏం లాభం? థియేటర్‌లో కొట్టిన ప్రతి లేబులూ ల్యాబ్ తెర మీద 'రావాల్సినవి'లో పడాలి. అరగంటలో స్కాన్ కాకపోతే ఎర్రగా మారి, డ్యూటీలో ఉన్న ఒక్క మనిషి ఫోను మోగాలి. గ్రూపులో మెసేజ్ పెడితే ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చూస్తారనుకుంటారు. ఇంకోటి, ఇది రాసి పెట్టుకో: లేబుళ్ల లెక్క, డబ్బాల లెక్క సరిపోయి, ల్యాబ్ అందిందని చెప్పేదాకా ఆ థియేటర్‌లో చెత్త వేసే పసుపు సంచి గది దాటకూడదు. అరగంటలో తెలిస్తే సంచిలో వెతకొచ్చు. మర్నాటికి సంచే ఉండదు.

తిరిగి తీయలేం కదరా! రక్తమైతే మళ్లీ గుచ్చుతాం. కోసి తీసిన గడ్డని మళ్లీ ఎక్కణ్ణించి తెస్తాం?

రొమ్ము క్యాన్సర్ కేసులకి రెండు టైములు తప్పనిసరి: ముక్క తీసింది, దాన్ని పాడవకుండా ఉంచే ద్రవం ఫార్మలిన్‌లో వేసింది. మధ్య గంట దాటకూడదు. తర్వాత ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు. అటూ ఇటూ అయితే ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాల్ని నమ్మలేం. భోగి ముందురోజు తీసింది, ల్యాబ్ కనుమ వెళ్లాక తెరిస్తే 72 దాటినట్టే. ముందే హెచ్చరించమను. గడియారం సర్వర్‌దే వాడాలి. రెండు కంప్యూటర్లలో పది నిమిషాలు తేడా ఉంటే, ముక్క తీయకముందే ల్యాబ్‌కి చేరినట్టు చూపిస్తుంది. ఫార్మలిన్ 10 శాతం బఫర్డ్, ముక్కకి కనీసం పదింతలు. ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్‌కీ, క్రిముల్ని పెంచి చూసే కల్చర్‌కీ మాత్రం 'ఫార్మలిన్ వద్దు' అని లేబుల్ మీదే పెద్దక్షరాల్లో పడాలి. పోసేశాక ఇక చేసేదేం లేదు.

సర్వర్ పడిపోయిన రోజుకి పేర్లు లేని, వరస నంబర్ల స్టిక్కర్ల చుట్ట ఒకటి థియేటర్లో... అయ్యో, మీ బాబాయి కింద హారన్ కొడుతున్నాడు, గుంటూరు వెళ్తూ ఈ ఉత్తరం పట్టుకెళ్తానన్నాడు. ల్యాబ్ లోపల ముక్కలు పెట్టే చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ల సంగతి అసలు మొదలే పెట్టలేదు, అక్కడ ఇంకా

వెళ్తున్నా. సంతకం పెట్టకు!

నీ
సూరి