మాస్టారికి ఒక రెవెన్యూ వాడి జవాబు

ప్రియమైన మాస్టారూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు నీ మోకాళ్ళకూ, మనవడి అల్లరికీ పోగా, చివరి పేజీలో నా మీదికి యుద్ధానికి వచ్చావు. "గౌరవం ఎవరికి వారు సంపాదించుకోవాలి గానీ ప్రభుత్వం జీవో ఇచ్చి ఇప్పిస్తుందా?" అన్నావు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చేసింది అదే కదా అని పైగా ఒక చురక. సరే, ఎలాగూ ఖాళీగానే ఉన్నాను, తీరిగ్గా పోట్లాడుకుందాం.

ముందు ఆ చురక సంగతి. అవును, ప్రతి నెలా 30న పౌరహక్కుల దినోత్సవం జరిపించడం మా పనుల్లో ఒకటి. (ఫిబ్రవరికి 30 ఎక్కడిదిరా అని అడగకు.) ఏదో ఒక ఊరు ఎంచుకుని తహసీల్దారు, ఎస్సై, సాంఘిక సంక్షేమ శాఖ వాళ్ళు, మేమూ జీపుల్లో దిగేవాళ్ళం. షామియానా, మైకు, అంబేద్కర్ పటానికి దండ. అంటరానితనం నేరమని తహసీల్దారు చెప్పేవారు, కేసు అయితే ఏమవుతుందో ఎస్సై చెప్పేవారు. ఆ తర్వాత "ఫిర్యాదులేమైనా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళం. ఊరి పెద్దలు ముందు వరస కుర్చీల్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంటే, రేపు పొద్దున వాళ్ళ పొలానికే కూలికి వెళ్ళాల్సిన మనిషి లేచి ఏమి చెబుతాడు? "మా ఊళ్ళో అలాంటివేమీ లేవండీ, అందరం అన్నదమ్ముల్లా ఉంటాం" అని ముందు వరసే జవాబు చెప్పేది. రిజిస్టరులోనూ అదే ఎక్కేది. సంతకాలు, ఫొటోలు, టీలు, తిరుగు ప్రయాణం.

నవ్వుకో, ఫరవాలేదు. నేనూ నవ్వుకునేవాణ్ణి. కానీ సహపంక్తి భోజనం పెట్టిన రోజున ఒక తమాషా జరిగేది. ఉపన్యాసాలు ముగిసి విస్తళ్ళు వేసే వేళకు ఆ ముందు వరస పలచబడిపోయేది. ఒకరికి పొలంలో మోటారు ఆగిపోయేది, ఒకరికి షుగరు గుర్తుకొచ్చేది, ఇంకొకరికి ఉన్నట్టుండి ఒంటిపొద్దు. గంటసేపు సమానత్వం గురించి విని చప్పట్లు కొట్టినవాళ్ళే వీళ్ళు. సర్కారు ఎంత మాట్లాడినా వాళ్ళకు పట్టలేదు, పక్కపక్కన విస్తళ్ళు వేయడంతోనే ఇబ్బంది వచ్చింది. కాబట్టి ప్రభుత్వం చేయగల పని ఏదైనా ఉంటే అది ఆ విస్తళ్ళ దగ్గరే ఉందని నాకు అప్పుడే అనిపించింది.

ఇక నీ "సంపాదించుకోవాలి" దగ్గరికి వద్దాం. ఈ మాట మనం ఎవరికి చెబుతున్నామో ఒకసారి చూడు. మన చిన్నప్పుడు మీసం కూడా రాని మోతుబరి కొడుకు, తాత వయసున్న పాలేరును "ఒరే" అని పిలిచేవాడు. ఆ తాత "అయ్యా" అని పలికేవాడు. ఆ పిల్లవాడు ఏమి సంపాదించాడని అడిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పుట్టగానే చేతికి వచ్చిన గౌరవాన్ని ఎవరూ లెక్క అడగరు. లేనివాడు కావాలన్నప్పుడే మనకు అర్హతలు గుర్తుకొస్తాయి. పోనీ సంపాదించుకుంటే ఇస్తామా? చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, పట్నానికి బదిలీ అయి వచ్చినవాడిని ఇల్లు అద్దెకు అడిగినప్పుడు "మీరేమిట్లు?" అని కులం ఆరా తీస్తాం. ఆ మనిషి సంపాదించింది ఆ గుమ్మం దగ్గర చెల్లదు.

కారంచేడు గుర్తుందా? తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల బకెట్లు కడగవద్దన్న మాటతో మొదలైంది. కొట్టడానికి వచ్చినవాళ్ళ మీదికి దళిత మహిళ సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జూలై 17న, ఊళ్ళోని పెద్దకులం వాళ్ళు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్ళు చీరాలకు పారిపోయారు. ఆ నీళ్ళు శుభ్రంగా ఉండాలంటే సువార్తమ్మ ముందు ఏమి సంపాదించి ఉండాలో నువ్వే చెప్పు. ఆ తర్వాత నాలుగేళ్ళకు 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. నలుగురి కంటపడే చోట కావాలని అవమానించడాన్ని కూడా నేరాల్లో చేర్చారు. ఇది తెలిసి "ఇక మాట్లాడటానికి కూడా భయపడాలా?" అని మా ఆఫీసు వరండాలో విసుక్కున్న పెద్దమనుషులను చూశాను. వాళ్ళు నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం నాకు ముచ్చటగానే ఉండేది. వాళ్ళ మనసుల్లో ఏముందో నాకెందుకు?

చట్టాన్ని మరీ నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకు. హోటల్లో కులాన్ని బట్టి పాత్రలు వేరు చేయడం 1955 నుంచే నేరం. దానికి నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. అయినా ఎన్ని టీ కొట్లలో రెండు గ్లాసులు నడిచాయో నీకు తెలుసు. దళితుడు చూరులో దోపిన గ్లాసు తీసుకుని, తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే దోపి వెళ్ళేవాడు. చివరికి చాలాచోట్ల ఆ గ్లాసును మాయం చేసింది ప్లాస్టిక్కు. అందరికీ వాడి పారేసే కప్పే వచ్చాక ఎవరి ఎంగిలి ఎవరు కడగాలన్న గొడవే లేకుండా పోయింది. కొన్ని చోట్ల అందులోనూ తెలివి చూపించారులే, కొందరికి స్టీలు గ్లాసు, కొందరికి ప్లాస్టిక్కు! పర్యావరణం వాళ్ళు వింటే బాధపడతారు గానీ, ఆ కప్పు మీద నాకు కాస్త అభిమానం ఉంది.

మీ అబ్బాయి ఉండే ఇంగ్లండులో కూడా ఈ సరదా జరిగింది. 2006 జనవరిలో ప్రధాని టోనీ బ్లెయిర్ గౌరవం పేరుతోనే ఒక కార్యాచరణ ప్రణాళిక విడుదల చేశాడు. వీధుల్లో అల్లరి చేసే కుర్రాళ్ళనూ, ఇరుగుపొరుగును విసిగించే కుటుంబాలనూ దారికి తేవడం, తల్లిదండ్రులకు పెంపకం పాఠాలు, అలాంటివి. అల్లరి భరించేది కూడా బీదలే కాబట్టి పూర్తిగా కొట్టిపారేయను. కానీ అక్కడ సర్కారు మర్యాద నేర్పింది ఎక్కువగా కింది వీధులకే. మన 1989 చట్టం పై వీధి వాళ్ళకు చెబుతోంది. రెండింటినీ ఒకే గాటన కట్టకు. సర్కారు ఎవరిని, ఎవరి పట్ల మర్యాదగా ఉండమంటోందో చూడకుండా మంచి చెడ్డలు తేల్చలేం.

హద్దు లేదా అంటావేమో. ఉంది. కారంచేడు జరిగిన ఆ 1985 జూలైలోనే కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వాళ్ళు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. జనగణమన పాడేటప్పుడు బుద్ధిగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. నిలబడటం చాలు, గొంతు కూడా కావాలనకూడదు అన్నది దాని సారం. నేను అడిగేదీ అంతే. పక్కన కూర్చోనివ్వు, అదే గ్లాసులో టీ ఇవ్వు, "మీరు" అను. ప్రేమ, భక్తి, అభిమానం నీ ఇష్టం. వాటిని సంపాదించుకోవాలంటే ఒప్పుకుంటాను. పాఠం బాగా చెప్పావు కాబట్టి నీ పాత విద్యార్థులు బస్సులో లేచి చోటిస్తున్నారు, దానికి జీవో అక్కరలేదు.

అన్నట్టు, నువ్వు నాతో ఇలా వాదించడమే వింతగా ఉంది. 2003లో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు నువ్వేమి చేశావో నేను మరిచిపోలేదు. దళితురాలు వండుతోందని ఊళ్ళో సగం మంది తమ పిల్లలకు ఇంటి నుంచి క్యారియర్లు పంపారు. వంటవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది ఆ మరుసటి ఏడాది. అప్పటిదాకా నీ దగ్గర చూపించడానికి కాగితం ముక్క కూడా లేదు. నువ్వు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. పళ్ళెం తీసుకుని పిల్లల వరసలో కూర్చుని తినేవాడివి. ఎండాకాలం సెలవులలోపే క్యారియర్లు తగ్గిపోయాయని నువ్వే రాశావు. ఆవిడ ముందుగా ఆ ఊరి గౌరవం సంపాదించుకుని వచ్చాక గరిటె పట్టుకోమని ఉంటే, ఆ పొయ్యి వెలిగేదా?

ఆవిడ ఇంకా అక్కడే వండుతోందా? ఆ పిల్లలు ఇప్పుడు పెళ్ళీడు దాటి ఉంటారు. ఆవిడ కనిపిస్తే ఏమని పిలుస్తున్నారో, వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికి పిలిచారో, పిలిస్తే ఏ పంక్తిలో కూర్చోబెట్టారో కనుక్కుని రాయి. నువ్వన్నదే నిజమని తేలినా దాచకుండా రాయాలి.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు
నీ రెవెన్యూ వాడు